‘రన్’కు బదులు ఏం రాయాలి? ఒక్క మాటతో థెసారస్‌ల పరీక్ష

ఇంగ్లీషు థెసారస్, అంటే ఒక మాటకు బదులు రాగల మాటలిచ్చే పుస్తకం, మంచిదో కాదో తేల్చడానికి అరుదైన మాటలు వెతకనక్కర్లేదు. అలాంటి మాటకు అర్థం ఒకటో రెండో ఉంటాయి కాబట్టి పర్యాయపదాలు ఇవ్వడం ఏ పుస్తకానికైనా తేలికే. అసలు పరీక్ష ‘రన్’ లాంటి చిన్న మాట దగ్గర. మనిషి పరిగెత్తినా, నది పారినా, ముక్కు కారినా, బస్సు తిరిగినా, బట్ట రంగు దిగినా, ఎన్నికల్లో నిలబడినా, ఒంట్లో జ్వరం ఉన్నా ఇంగ్లీషులో అదే క్రియ. ఒకే పేరాలో ‘రన్’ నాలుగుసార్లు పడిందని విసుగొచ్చి థెసారస్ తెరిచేవాళ్లకు ఏది సాయపడుతుంది, ఏది ముంచుతుంది అన్నదే ఈ సమీక్ష.

ఈ మాట ఎంత పెద్దదో చూడండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ఎడిషన్ 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికంటే పొడవైన ఎంట్రీ ‘సెట్’ది. క్రియగా దానికి 430 అర్థాలిచ్చారు. మూడో ఎడిషన్ కోసం పాత ఎంట్రీలను తిరగరాస్తూ 2011 నాటికి ‘రన్’ దగ్గరికి వచ్చేసరికి, క్రియగానే 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క క్రియను తేల్చడానికి సంపాదకుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. యంత్రాలు వచ్చాక ఇంజిన్లు, రైళ్లు, ప్రెస్సులు, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు అన్నీ ఈ క్రియనే పట్టుకున్నాయి. అందుకే ఇంత పెరిగింది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. పర్యాయపదం అనేది మాటకు ఉండదు, అర్థానికి ఉంటుంది. ‘మేనేజ్’ అనేది ‘రన్’కు పర్యాయపదం కాదు, ‘రన్’కున్న వందల కొద్దీ అర్థాల్లో ఒకదానికి మాత్రమే పర్యాయపదం. కాబట్టి ముందు మీ చేత అర్థం ఎంచుకోనిచ్చి, ఆ తర్వాతే మాటలు చూపించే థెసారస్సే మంచి థెసారస్. మాటల సంఖ్య గురించి అట్ట మీద వేసే గొప్పలకు విలువ తక్కువ.

తెరవకముందు చేయాల్సిన పని

ఏ పుస్తకమైనా, ఏ యాప్ అయినా ముందు మీ వాక్యాన్ని మూడు చోట్ల తట్టి చూడండి. మొదటిది కర్త. పరిగెడుతున్నది కాళ్లున్న ప్రాణా, ద్రవమా, యంత్రమా, దారా, ఒప్పందమా? రెండోది కర్మ ఉందా లేదా. ‘షీ రన్స్’ అంటే ఆమె పరిగెడుతుంది. ‘షీ రన్స్ ఎ స్కూల్’ అంటే బడి నడుపుతుంది. కర్మ చేరగానే అర్థం మొత్తం మారింది. మూడోది క్రియ పక్కన ఏ చిన్న మాట ఉందో చూడాలి: ‘అవుట్’, ‘ఇంటూ’, ‘డౌన్’, ‘ఓవర్’, ‘ఫర్’ లాంటివి. ‘రన్ ఫర్ మేయర్’లో ‘ఫర్’ తీసేస్తే పోటీయే ఎగిరిపోతుంది.

ఈ మూడూ చూశాక అర్థాన్ని మీ సొంత మాటల్లో, తెలుగులోనైనా సరే, ఒక ముక్కలో రాసుకోండి. బడి నడపడం. రంగు దిగడం. వ్యవధి ఉండడం. తెలుగులో ఈ పనులన్నిటికీ విడివిడి క్రియలున్నాయి కాబట్టి తెలుగు వచ్చినవాళ్లకు ఈ మెట్టు నిజానికి సులువు. ఆ ముక్క చేతిలో లేకుండా థెసారస్ తెరిస్తే కనిపించిన మాటల్లో గంభీరంగా ఉన్నదాన్ని ఎత్తుకొస్తారు. తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే.

రోజే థెసారస్

పీటర్ మార్క్ రోజే వైద్యుడు, లండన్ రాయల్ సొసైటీకి చాలాకాలం కార్యదర్శి. ఇంటిపేరు చివరి ‘టీ’ పలకరు. 1805లోనే తన సొంత వాడకానికి ఒక మాటల పట్టీ తయారుచేసుకుని, పదవీ విరమణ తర్వాత దాన్ని పెంచి 1852లో అచ్చు వేశాడు. అప్పటికి ఆయన వయసు 73. పుస్తకం అక్షరక్రమంలో ఉండదు. లోకంలోని భావాలన్నిటినీ ఆరు తరగతులుగా, వాటి కింద 1,000 శీర్షికలుగా విడగొట్టాడు. ‘ఉనికి’తో మొదలై ‘ఆలయం’తో ముగుస్తుంది. వ్యతిరేక భావాలు పక్కపక్కనే ఉంటాయి: వేగం 274 అయితే మాంద్యం 275.

అమరకోశం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. రోజేకు కూడా ఆ సంగతి తెలుసు. భావాల వరుసలో మాటలు పేర్చిన పుస్తకాల్లో తన కంటబడ్డవాటిలో అన్నిటికంటే పాతది అమరకోశమేనని, కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిందని తన పీఠికలో అధోసూచిక రాశాడు. అయితే అమరసింహుడు చేసిన ఒక పని రోజే చేయలేదు. పలు అర్థాలున్న మాటలకు అమరకోశం మూడో కాండలో నానార్థవర్గం విడిగా ఉంది. రోజేలో ఆ పని పుస్తకం వెనకున్న సూచిక చేస్తుంది. ఆ సంగతి తెలియక సూచికను వదిలేసి ముందు పుటలు తిరగేసేవాళ్లే ఈ పుస్తకం పనికిరాదని విసిరేస్తారు.

వాడే పద్ధతి ఇది. వెనక సూచికలో ‘రన్’ దగ్గరికి వెళ్లండి. దాని కింద పొట్టి పొట్టి సూచన మాటలు, పక్కన అంకెలు ఉంటాయి. 1911 నాటి ఎడిషన్‌నే తీసుకుంటే ‘రన్’ గుంపులు 109లో (కాలం గడవడం), 274లో (వేగం), 348లో (నీటి ప్రవాహం), 623లో (తప్పించుకోవడం) దొరుకుతాయి. గమనించండి: మొదటిది అమూర్త సంబంధాల తరగతి, రెండోది దేశం అంటే చోటుకు సంబంధించినది, మూడోది పదార్థం, నాలుగోది సంకల్పం. ఒక్క మాట ఆరింట నాలుగు తరగతుల్లో కాపురం చేస్తోంది. మీరు రాసిపెట్టుకున్న తెలుగు ముక్క ఇక్కడ అక్కరకొస్తుంది. నది గురించి రాస్తుంటే 348 తప్ప వేరే అంకె వైపు చూడొద్దు.

శీర్షిక దగ్గరికి చేరాక విరామచిహ్నాల మీద కన్ను వేయండి. రోజేలో కామాతో విడదీసిన మాటలు దగ్గరి చుట్టాలు. సెమికోలన్ రాగానే ఛాయ మారిందని అర్థం. 348లో ‘ఫ్లో, రన్’ పక్కపక్కన ఉండి సెమికోలన్ తర్వాత ‘మియాండర్’ వస్తుంది. అది మెలికలు తిరుగుతూ పారడం. ఆ తర్వాత ‘గష్, పోర్, స్పౌట్’. ఇవి ఉధృతంగా చిమ్మడం, ధారగా పడడం. తిన్నగా, నెమ్మదిగా పోయే కాలువకు ‘గష్’ అని రాస్తే గట్టు తెగినట్టుంటుంది. పక్క శీర్షికలు కూడా ఒకటి రెండు చూడాలి. కావలసిన మాట తరచు అడిగిన శీర్షికలో కాక పొరుగున దొరుకుతుంది. ఈ పుస్తకంలోని అసలు ఆనందం అదే.

లోపం కూడా అంతే పెద్దది. రోజే నిర్వచనాలివ్వడు. మాట ముందే తెలిసి, సమయానికి నోటికి రానివాళ్ల కోసం కట్టిన పుస్తకమిది. తెలియని మాటను ఇందులోంచి ఎత్తుకుని నేరుగా వాక్యంలో పెట్టడం ప్రమాదం. 1911 ఎడిషన్ కాపీహక్కు గడువు దాటిపోయి ఉచితంగా దొరుకుతుంది, కానీ అందులో నేడు ఎవరూ వాడని మాటలు కుప్పలుగా ఉన్నాయి. కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘రన్’ చేయడం సంగతి అందులో ఉండే అవకాశమే లేదు.

వర్డ్‌నెట్, దాని మీద కట్టిన యాప్‌లు

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్ అనే ఇంగ్లీషు మాటల డేటాబేస్ ఉచితం. డేటా మొత్తం దించుకోవచ్చు, ఇంకో ఉత్పత్తిలో కలుపుకోవచ్చు. అందుకే ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఉచిత నిఘంటువు యాప్‌లు ఎన్నిటికో లోపలి సరుకు ఇదే. అర్థాలను విడదీయడంలో దీనికి సాటి తక్కువ. 3.0 వెర్షన్‌లో ‘రన్’కు నామవాచకంగా 16, క్రియగా 41 అర్థాలున్నాయి. ప్రతి అర్థమూ ఒక గుంపు. ఆ అర్థంలో ఒకదానికొకటి బదులు రాగల మాటలన్నీ అందులో ఉంటాయి, పక్కన ఒక చిన్న నిర్వచనం, ఎక్కువ గుంపులకు ఒక ఉదాహరణ వాక్యం. వ్యాపారం నడపడం ఒక గుంపు, యంత్రం పనిచేయడం ఇంకో గుంపు, దారి సాగడం మరొకటి, రంగు దిగడం వేరొకటి.

క్రియగా మొదటి అర్థం కాళ్లతో పరిగెత్తడం. ఆ గుంపులో ‘రన్’ తప్ప మరో మాట లేదు! చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘పర్యాయపదాలు లేవు’ అనుకుంటారు. లేనిమాట నిజమే, ఇంగ్లీషులో పరుగుకు అచ్చంగా సమానమైన మాట లేదు. ఉన్నవన్నీ పరుగులో రకాలు. వాటిని వర్డ్‌నెట్ ‘ట్రోపోనిమ్’ అనే వేరే వరుసలో పెడుతుంది. అంటే ఆ పనినే ఒక ప్రత్యేక పద్ధతిలో చేయడం. యాప్‌లో ఆ జాబితాను విడిగా తెరవాలి. అక్కడ ‘స్ప్రింట్’ ఉంటుంది, కొద్ది దూరం శక్తికొద్దీ. ‘జాగ్’, నెమ్మదిగా ఒకే లయలో. ‘లోప్’, పెద్ద పెద్ద అంగలతో ఆయాసం లేకుండా. ‘స్కరీ’, ఎలుక పోయినట్టు చిన్న అడుగులతో హడావిడిగా. కథ రాసేవాళ్లకు కావలసింది సాధారణంగా ఈ జాబితాయే. దీన్ని చూపించని యాప్ వర్డ్‌నెట్‌లో సగం విలువను పారేసినట్టే.

నామవాచకం దగ్గర ఒక వింత ఉంది. 16 అర్థాల్లో మొట్టమొదటిది బేస్‌బాల్ స్కోరు. మిగతా లోకానికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది, కారణం మాత్రం సూటిగానే ఉంది. వర్డ్‌నెట్‌లో అర్థాల వరుస, చేత్తో గుర్తులు పెట్టిన పాఠాల్లో ఏ అర్థం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కను బట్టి వస్తుంది. ఆ పాఠాల్లో అధికభాగం బ్రౌన్ కార్పస్‌వి. అంటే 1961లో అమెరికాలో అచ్చయిన రచనలు. కాబట్టి మొదట కనిపించింది ముఖ్యమైన అర్థం అనుకోవద్దు. ఇంకో లాభం కూడా ఉంది: ఏదైనా ఉచిత యాప్‌లో ‘రన్’ నామవాచకంగా వెతికితే మొదట బేస్‌బాల్ వస్తే, లోపల వర్డ్‌నెట్ ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అట్టకు వేసిన రంగు ఏదైనా కావచ్చు.

అసలు ప్రమాదం స్థాయీభేదం దగ్గర, అంటే ఏది మామూలు మాట, ఏది వీధిభాష అన్న తేడా దగ్గర. పారిపోవడం అనే గుంపులో ‘ఎస్కేప్’, ‘రన్ అవే’లతో పాటు ‘స్కార్పర్’, ‘లామ్’, ‘బంక్’, ‘హైటెయిల్ ఇట్’ ఒకే వరుసలో కూర్చున్నాయి. ‘స్కార్పర్’ బ్రిటిష్ వీధిభాష, ‘లామ్’ అమెరికన్ నేరగాళ్ల వాడుక. ఇవి మామూలు మాటల పక్కనే ఉండడం వల్ల, ఆఫీసు నివేదికలో ‘ఖైదీ పారిపోయాడు’ అని రాయాల్సినవాళ్లు వీటిలో ఏదో ఒకటి ఎత్తుకునే వీలుంది. అలాగే ప్రవాహం గుంపులో ‘ఫ్లో’, ‘ఫీడ్’, ‘కోర్స్’ కలిసి ఉన్నాయి. నదికి ‘ఫ్లో’ సరే. ముక్కుకు? ‘హర్ నోజ్ వాజ్ రన్నింగ్’ అన్నచోట ‘ఫ్లోయింగ్’ పెడితే వ్యాకరణం ఒప్పుకుంటుంది, ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోరు. ‘కోర్స్’ కన్నీళ్లు చెంపల మీద జారడం లాంటి చోట్ల, అదీ కొంచెం కావ్యధోరణిలో నప్పుతుంది. గుంపులోని సభ్యులందరికీ ఒకే అర్థం ఉన్నా ఒకే సహవాసం ఉండదు, అంటే అన్నీ ఒకే మాటల పక్కన ఇమడవు. వర్డ్‌నెట్ అర్థాన్ని పట్టిస్తుంది, సహవాసాన్ని పట్టించదు.

ప్రిన్స్‌టన్‌వాళ్లు 3.1 తర్వాత దీన్ని పెద్దగా ముందుకు తీసుకుపోలేదు. 2019 నుంచి ఓపెన్ ఇంగ్లీష్ వర్డ్‌నెట్ అనే పేరుతో మరో బృందం దిద్దుతూ కొత్త విడుదలలు ఇస్తోంది. రెండిట్లో ఎంపిక ఉంటే కొత్తదే తీసుకోండి. నామవాచకాలు, క్రియలు, విశేషణాలు, క్రియావిశేషణాలు తప్ప మరేవీ వర్డ్‌నెట్‌లో ఉండవని గుర్తుంటే చాలు. ప్రిపొజిషన్ల కోసం ఇక్కడ వెతకడం దండగ.

రైట్‌క్లిక్ థెసారస్

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మాట మీద కర్సర్ పెట్టి షిఫ్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పక్కన ఒక జాబితా వస్తుంది. మరిచిపోయిన మాటను గుర్తు చేసుకోవడానికి ఇది చాలు, నేర్చుకోవడానికి చాలదు. రైట్‌క్లిక్ మెనూలో వచ్చే పొట్టి జాబితాలో వేర్వేరు అర్థాల మాటలు కలగలిసి ఉంటాయి. దాన్ని వదిలి పూర్తి పేన్ తెరిస్తే కొంత నయం. అక్కడ మాటలు శీర్షికల కింద విడిపోతాయి. మాట మార్చాక కాలం, వచనం సరిచూసుకోవడం మీ బాధ్యతే. ‘రన్స్’, ‘రన్నింగ్’ ఉన్నచోట మూలరూపం వచ్చి కూర్చుంటే స్పెల్ చెకర్‌కు అది తప్పుగా కనిపించదు, ఎందుకంటే స్పెల్లింగు సరిగ్గానే ఉంటుంది.

చాట్‌బాట్‌లను అడిగేవాళ్లు ఒక్క మాట ఇచ్చి ‘పర్యాయపదాలు చెప్పు’ అనడం మానాలి. పూర్తి వాక్యం ఇచ్చి, ఈ వాక్యంలో బదులేం రాయొచ్చు, ఎందుకు అని అడగాలి. జవాబును నిఘంటువుతో సరిచూడాలి. తేడాలు చెప్పేటప్పుడు తెలిసినా తెలియకపోయినా అవి ఒకే ధీమాతో మాట్లాడతాయి.

తేడా చెప్పే నిఘంటువులు

ఇవి థెసారస్ కంటే ఒక మెట్టు పైన. మెరియమ్ వెబ్‌స్టర్ 1942లో తెచ్చిన పర్యాయపద నిఘంటువు, దాని సవరించిన రూపాలు ఈ జాతిలో పెద్దవి. ఇందులో జాబితా కాదు, వివరణ ఉంటుంది. ‘నడపడం’ అర్థంలో ‘రన్’కు దగ్గరగా వచ్చే నాలుగు మాటలనే చూడండి: ‘కండక్ట్’, ‘మేనేజ్’, ‘కంట్రోల్’, ‘డైరెక్ట్’. ‘కండక్ట్’లో ముందుండి నడిపించడం ఉంది, అందుకే సర్వే, పరీక్ష, సమావేశం దాని పక్కన ఇముడుతాయి. ‘మేనేజ్’లో చిల్లర వివరాలన్నీ చక్కబెట్టడం ఉంది, దుకాణం, సిబ్బంది, ఇల్లు. ‘కంట్రోల్’లో హద్దు దాటకుండా పట్టి ఉంచడం. ‘డైరెక్ట్’లో పని సాఫీగా సాగేలా నిరంతరం దారి చూపడం. కంపెనీని ‘కంట్రోల్’ చేసేవాడు రోజూ ఆఫీసుకు రానక్కర్లేదు, వాటాలు చేతిలో ఉంటే చాలు. ‘మేనేజ్’ చేసేవాడికి ఆ సుఖం లేదు.

ఈ నాలుగుతో పాటు రాసేవాళ్లకు రోజూ ఎదురయ్యేవి ఇంకో రెండు. ‘ఆపరేట్’ ఫ్యాక్టరీ, బస్సు మార్గం, యంత్రం, సేవ లాంటి వాటికి. ‘అడ్మినిస్టర్’ నిధి, పథకం, పరీక్ష, సంస్థ లాంటివాటికి, నియమాలను అమలుచేస్తూ నడపడం. చిన్న టీ కొట్టును ‘అడ్మినిస్టర్’ చేస్తున్నారని రాస్తే నవ్వుతారు.

కర్మ మారితే మాట కూడా చెల్లదన్నదానికి అన్నిటికంటే పదునైన ఉదాహరణ ‘ఎగ్జిక్యూట్’. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను రన్ చేయడానికి అది సరైన పర్యాయపదం. పథకానికీ, ఆదేశానికీ నప్పుతుంది. కర్మస్థానంలో మనిషి వచ్చాడా, ఉరి తీసినట్టే. ‘రన్ ఎ టీమ్’ను యథాలాపంగా ‘ఎగ్జిక్యూట్ ఎ టీమ్’ అని మార్చితే జట్టు మిగలదు.

దారి సాగడం అనే అర్థంలో తేడా ఇంకా సన్నం. ‘గో’, ‘లీడ్’, ‘ఎక్స్‌టెండ్’, ‘స్ట్రెచ్’ నాలుగూ దొరుకుతాయి. ‘లీడ్’కు గమ్యం చెప్పాలి, ‘టు’ లేకుండా వాక్యం వేలాడుతుంది. ‘ఎక్స్‌టెండ్’ ఎక్కడిదాకా అన్న హద్దు అడుగుతుంది. ‘స్ట్రెచ్’లో కంటికి ఆనని విస్తీర్ణం ఉండాలి, సందుకు నప్పదు, బీడుకో తీరానికో నప్పుతుంది. ఒప్పందం రెండేళ్లు ‘రన్’ అవుతుంది అన్నచోట ‘లాస్ట్’ రాయొచ్చు, ‘కంటిన్యూ’ రాస్తే అప్పటికే మొదలైపోయింది అన్న ధ్వని చేరుతుంది. బస్సు తిరగడానికి ‘ప్లై’ ఉంది, కానీ ఆ మాట ఇప్పుడు ప్రకటనల భాషకే పరిమితం, పైగా తరచు రెండు ఊళ్ల పేర్లతో, ‘బిట్వీన్’తో వస్తుంది. ఎన్నికలకు అమెరికన్లు ‘రన్ ఫర్’ అంటే బ్రిటిష్‌వాళ్లు ‘స్టాండ్ ఫర్’ అంటారు. ఒకరు పరిగెత్తేదానికి మరొకరు నిలబడతారు! చదివేవాళ్లెవరో తెలియకుండా ఈ రెండిటినీ ఒకే వ్యాసంలో కలపొద్దు. మేజోడు పోగు లేచి పోవడానికి కూడా ఇదే తేడా: అమెరికాలో ‘రన్’, బ్రిటన్‌లో ‘ల్యాడర్’.

కొన్ని చోట్ల పర్యాయపదం వెతకడమే తప్పు. ‘రన్ ఎ ఫీవర్’, ‘రన్ ఎ బాత్’, ‘రన్ ఎన్ ఎరాండ్’, ‘రన్ ఎ రిస్క్’ జంటలుగా గడ్డకట్టిన ప్రయోగాలు. జ్వరానికి ‘హావ్’, చిన్న పనికి ‘డూ’, ప్రమాదానికి ‘టేక్’ లాంటి మామూలు మాటలే బదులొస్తాయి. ఘనంగా ఉందని ఇంకేదో పెడితే జ్వరాన్ని ఫ్యాక్టరీలా నడిపినట్టవుతుంది. మంచి నిఘంటువు ఇలాంటి చోట మౌనంగా ఉండి ఒక్క మాటే ఇస్తుంది. ఆ ఖాళీ పుస్తకం లోపం కాదు, నిజాయతీ.

ఈ కోవలోనే నేర్చుకునేవాళ్ల కోసం కట్టినవి ఉన్నాయి. 2008లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ థెసారస్‌ను ఇంగ్లీషు మాతృభాష కానివారికి మొదటి పుస్తకంగా సిఫారసు చేస్తాం. మాటలు తక్కువే. కానీ ప్రతి మాటకూ నిర్వచనం, ఉదాహరణ, ఏ మాటల పక్కన ఏది పడుతుందో చూపించే పట్టీ ఉంటాయి. వ్యవహారంలోదా, లాంఛనమైనదా అన్న గుర్తు కూడా ఉంటుంది. వర్డ్‌నెట్ వదిలేసిన సహవాసం సంగతి ఇక్కడ దొరుకుతుంది. బాగా రాయగలవాళ్లకు మాత్రం ఇది త్వరగా చాలకుండా పోతుంది. వాళ్లు అప్పుడు రోజేకు వెళ్లాలి.

గ్లాస్గో విశ్వవిద్యాలయంవాళ్ల హిస్టారికల్ థెసారస్ గురించి రెండు ముక్కలు. 1965లో మొదలై 2009లో రెండు సంపుటాలుగా అచ్చయింది. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ప్రతి అర్థానికీ ఏ శతాబ్దంలో ఏ మాట వాడారో తేదీలతో వరుసగా ఇస్తుంది. 1700ల నాటి కథ రాస్తూ ఆ కాలపు పాత్ర నోట అప్పటికి పుట్టని మాట పెట్టకుండా ఉండటానికి ఇంతకు మించినది లేదు. ఉద్యోగ దరఖాస్తు రాసుకునేవాళ్లకు దీనితో పని లేదు.

విడిపోయే క్రియలు

‘రన్’ పక్కన ‘ఇంటూ’, ‘డౌన్’ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే క్రియలివి. అన్ని ఉత్పత్తుల్లోనూ బలహీనమైన భాగం ఇదే. ‘రన్ ఇంటూ’కు కనీసం మూడు అర్థాలు: అనుకోకుండా ఎదురుపడడం, గుద్దుకోవడం, ఖర్చు ఒక మొత్తానికి చేరడం. ‘రన్ డౌన్’ అయితే గుద్ది పడేయడం, చులకన చేసి మాట్లాడడం, వెతికి పట్టుకోవడం, నిల్వ తగ్గించుకుంటూ రావడం. వీటిని ‘రన్’ కింద కాకుండా విడి ఎంట్రీలుగా ఇచ్చారా లేదా చూడండి. అక్షరక్రమంలో ఉన్న చిన్న థెసారస్‌లు చాలావరకు రెండర్థాలిచ్చి ఊరుకుంటాయి.

ఇక్కడ నిర్మాణం కూడా మారుతుంది. ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ పేపర్’ను ‘వుయ్ ఎగ్జాస్టెడ్ అవర్ పేపర్’ అని మార్చితే ‘అవుట్ ఆఫ్’ మొత్తం పోవాలి. ‘ఎగ్జాస్టెడ్ అవుట్ ఆఫ్’ అని మిగిలిపోవడం థెసారస్ చూసి రాసినవాళ్ల వాక్యాల్లో తరచు కనిపించే తప్పు. పైగా ‘ఎగ్జాస్ట్’ ఉద్దేశంతో వాడేసిన ధ్వని ఇస్తుంది, ‘రన్ అవుట్’ చూసుకోకుండా అయిపోయిన ధ్వని. మార్చాక వాక్యాన్ని మొదటినుంచి పైకి చదవండి. క్రియ ఒక్కటే మారి ప్రిపొజిషన్ పాతదే ఉంటే చెవికి తగులుతుంది.

కొనేముందు

రోజే పేరు అట్ట మీద ఉన్నంత మాత్రాన అది రోజే పుస్తకం కాదు. అమెరికాలో ఆ పేరు ఏ ప్రచురణకర్తయినా వాడుకోవచ్చు, వాడుకుంటున్నారు కూడా. పుస్తకం చేతిలోకి తీసుకుని మధ్యలో ఎక్కడైనా తెరవండి. శీర్షికలకు వరుస అంకెలుండి, వెనక ఆ అంకెలనే చూపించే మందమైన సూచిక ఉంటే అది భావక్రమంలో కట్టినది. ‘ఏ’ నుంచి ‘జెడ్’ దాకా పోతే అది పేరు అద్దెకు తెచ్చుకున్న మామూలు అక్షరక్రమ థెసారస్. అందులో తప్పేమీ లేదు, ఏది కొంటున్నారో తెలిసి కొనండి.

తర్వాత ‘రన్’ తీయండి. క్రియ, నామవాచకం వేరుగా ఉన్నాయా? క్రియలో పరుగు, ప్రవాహం, నిర్వహణ, యంత్రం, దారి, పోటీ, వ్యవధి ఏడూ విడివిడి అంకెలతో, ఒక్కోదానికి ఒక చిన్న ఉదాహరణతో ఉన్నాయా? నామవాచకంలో అదృష్టం వరసగా కలిసిరావడం, బ్యాంకు మీద జనం ఎగబడడం, ఒక విడతలో అచ్చు వేసిన ప్రతులు, కోళ్లు తిరిగే కంచె ఉన్నాయా? ఏడులో నాలుగైనా లేకుండా మాటలన్నీ ఒకే పేరాలో పోసి ఉంటే అట్ట మీద ఎన్ని లక్షల మాటలని వేసుకున్నా దాన్ని తిరిగి అరలో పెట్టేయండి. యాప్‌కు కూడా ఇదే పరీక్ష. అదనంగా ఒకటి, ‘స్కార్పర్’ దగ్గర వ్యవహారం లేదా స్లాంగ్ అన్న గుర్తు వేసిందో లేదో చూడండి.